కుట్టు మీద కుట్టు

టైలరమ్మకు ముక్కు మీదే కోపం. తాను వేసిన కుట్టు తప్పని దేవుడొచ్చి చెప్పినా ఒప్పుకునే రకం కాదు. ముప్పై ఏళ్లుగా పిల్లల గౌన్ల దగ్గర్నుంచి పెద్దల కోట్ల దాకా కుట్టింది. వేసిన కుట్టు విప్పాల్సి వచ్చిందన్న మాట ఆ వీధిలో ఎవరూ వినలేదు. అలాంటి మొండిమనిషి పట్టుబట్టి రెండేళ్లలో అరవై కిలోలు తగ్గింది.

ఒళ్లయితే తగ్గింది గానీ, చర్మం మాత్రం నేను పోనంటూ మొరాయించింది. పొట్ట మీది తోలు మడతలు పడి తొడల మీదికి వేలాడేది. మిషను తొక్కినప్పుడల్లా ఆ మడత కింద ఒరుసుకుపోయి పచ్చిపుండయ్యేది. గంట కుడితే గంటసేపు పౌడరు చల్లుకుని వెల్లకిలా పడుకోవాలి.

"తేలికవుతాననుకున్నానక్కా. సరుకు పోయింది, సంచి మిగిలింది" అని అక్క దగ్గర మొత్తుకునేది.

ఆ అక్క ఏడేళ్లు పెద్దది. టైలరమ్మకు రెండేళ్లప్పుడే తల్లి పోయింది. పెంచి పెద్ద చేసింది అక్కే. తల్లిది ఒక్క ఫొటో కూడా లేదు ఇంట్లో.

ఆ తోలు తీసేయడానికి ఆపరేషన్ ఉందని తెలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఆవిడ వెంటనే సరే అనలేదు. ఆరు నెలలు బరువు కదలకూడదు, రక్తం బాగా పట్టాలి, అప్పుడు రమ్మంది. ఆ ఆరు నెలలూ టైలరమ్మ పొద్దున్నే కాటా ఎక్కడం, వచ్చిన అంకెను సుద్దముక్కతో గోడ మీద రాయడం. "గోడక్కూడా కొలతలు తీస్తున్నావుటే?" అని అక్క ఆటపట్టించేది.

ఆపరేషన్ రోజు పొద్దున డాక్టరమ్మ ఆమెను నిలబెట్టి, ఊదారంగు పెన్నుతో ఒంటి మీద గీతలు గీసింది. టైలరమ్మ అద్దంలో చూస్తూ ఊరుకోవచ్చు కదా!

"డాక్టరమ్మా, ఎడం పక్క గీత అర అంగుళం దిగింది."

డాక్టరమ్మ టేపు పెట్టి చూసింది. నిజమే. తుడిచేసి మళ్లీ గీసింది. "మా దగ్గర పనిలో చేరతారా?" అని నవ్వింది.

"ముందు మీ పనితనం చూడనివ్వండి."

డాక్టరమ్మ వివరంగా చెప్పింది. పొట్ట తోలంతా కిందికి లాగి, మిగిలింది కోసేస్తారు. బొడ్డు మాత్రం తన చోటు నుంచి కదలదు. లోపల కాడకు అంటుకుని అలాగే ఉంటుంది. లాగిన తోలులో సరిగ్గా ఆ చోట చిన్న రంధ్రం చేసి దాన్ని బయటికి తెస్తారు.

"పాత గుండీకి కొత్త కాజా అన్నమాట" అంది టైలరమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మ గుర్తుగా నా ఒంటి మీద ఉన్నది అదొక్కటే. ఈ మడతల కింద పడి, దాన్ని చూసుకుని ఇరవై ఏళ్లు దాటింది. పోదుగా?" అని అడిగింది.

"కాపాడటానికే చూస్తాం."

"మరి మార్జిన్ ఎంత వదుల్తారు?"

"మార్జిన్ ఉండదమ్మా. తర్వాత వదులు చేద్దామంటే ఇందులో ఇంకో ముక్క దొరకదు."

మార్జిన్ లేకుండా బట్ట కోసే ధైర్యం టైలరమ్మకు కలలో కూడా లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పక్కల్లో గొట్టాలు, నిటారుగా నిలబడకూడదని నడుం వంచి నడక. నాలుగో రోజు కట్టు మార్చేటప్పుడు తల వంచి చూసుకుని నోరు వెళ్లబెట్టింది. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా సన్నటి గీత. దారం పోగు కూడా కనబడదే! లోపల మూడు వరుసలు కుట్టామనీ, ఆ దారం దానంతటదే కరిగిపోతుందనీ నర్సు చెప్పింది.

"దారం కరిగిపోయాక తోలును పట్టి ఉంచేదెవరు?"

"మీ ఒళ్లే. ఈలోగా తనంతట తాను అతుక్కుంటుంది."

టైలరమ్మ ముప్పై ఏళ్లు దారాన్ని నమ్ముకుంది. తన ఒంటికి ఈ విద్య వచ్చునని ఎవరూ చెప్పలేదు. మధ్యలో బొడ్డు, లేత గులాబీరంగులో, అప్పుడే పుట్టినట్టుంది. దాన్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంటికొచ్చాక బుద్ధి తిన్నగా ఉంటే బాగుండేది. పొట్టకు బిగుతుగా ఉండాలని ఆసుపత్రి వాళ్లొక తొడుగు ఇచ్చారు. రెండు వారాలకు వాపు తగ్గి అది కాస్త వదులైంది. వదులైతే వచ్చి చూపించమన్నారు. చూపిస్తే టైలరమ్మ ఎలా అవుతుంది?

"రెడీమేడ్ సరుకు! ఎవరు కుట్టారో గానీ, పని రాదు వాళ్లకి."

"డాక్టరమ్మని ఓ మాట అడగవే" అంది అక్క.

"బట్ట కుట్టడం నాకు డాక్టరమ్మ నేర్పాలా?"

రెండు పక్కలా అంగుళం చొప్పున లోపలికి పట్టి కుట్టేసి తొడుక్కుంది. మర్నాడు స్నానానికని విప్పితే బొడ్డు వంకాయ రంగుకు తిరిగి ఉంది. అక్కను తోడు తీసుకుని అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరింది.

డాక్టరమ్మ బొడ్డును పరీక్షించి, తొడుగు తిరగేసి చూసింది.

"కుట్టు బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇది బతికున్న చర్మమమ్మా. ఆ కాడలోంచే దీనికి రక్తం రావాలి. ఆ దారిని మీరు నొక్కేశారు."

"పోతుందా?"

"రెండు రోజులు చూద్దాం. తేరుకోకపోతే తీసెయ్యాలి."

టైలరమ్మ చిన్న కత్తెర అడిగి పుచ్చుకుంది. అక్కడే కుర్చీలో వంగి కూర్చుని, తన కుట్టును ఒక్కో పోగే విప్పింది. "తప్పు నాదే" అంది. ఎగతాళికి ఎప్పుడూ ముందుండే అక్క వంగి కింద పడ్డ పోగులు ఏరింది.

పొద్దునా సాయంత్రం వేలితో మెల్లగా నొక్కి వదలమనీ, తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం వస్తున్నట్టేననీ డాక్టరమ్మ నేర్పింది. అక్క చేతులు కడుక్కుని నొక్కేది. ఆ రోజంతా నొక్కినా రంగు మారలేదు.

"అమ్మకి నేనంటే ఇష్టమేనా అక్కా?" అంది టైలరమ్మ, పైకప్పు వంక చూస్తూ.

"అదేం ప్రశ్నే! నీ బొడ్డు ఊడిన రోజు నన్ను పిలిచి మరీ చూపించింది. 'ఇదిగో, తొమ్మిది నెలలూ చెల్లికి ఇక్కణ్ణుంచే భోజనం పంపించాను' అంది. ఇంకా వస్తోందేమోనని నేను వేలు పెట్టి చూశా. చేతి మీద ఒక్కటిచ్చింది!"

"నవ్వించకక్కా, కుట్లు లాగుతున్నాయి" అంటూనే ఏడ్చింది.

రెండో రోజు పొద్దున కిటికీ తెర తీసి అక్క మళ్లీ నొక్కింది. తెల్లబడింది. వేలు తీసింది. ఇద్దరూ తలలు వంచి చూశారు. లోపల ఎక్కడి నుంచో మెల్లగా, అంచు దాకా, ఎరుపు పాకింది.

"వచ్చిందే!" అంది అక్క.

"మళ్లీ నొక్కు."

మళ్లీ వచ్చింది. టైలరమ్మ దాని పక్కన మెల్లగా వేలు పెట్టి చూసుకుంది.

"అమ్మ పంపడం ఇంకా ఆపలేదక్కా" అంది.