తాత బయటికొచ్చాడు

ఆ వసంతంలో రుఆపెహు కొండ ఎన్నడూ లేనంత స్పష్టంగా కనబడింది. మంచు మీద జారుతూ ఆడుకునేవాళ్ళు లేరు, వాళ్ళను మోసుకొచ్చే బస్సులు లేవు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా కర్ర కట్టి కాపలా కాస్తున్న రాహెరా ప్రతి ఉదయం టీ కప్పు పట్టుకుని ఆ తెల్లదనాన్ని చూస్తూ నిలబడేది. ఆ కొండను ఊళ్ళో అందరూ తాత అంటారు. తాతను ఇంత ఏకాంతంగా చూడడం తనకు దక్కిన భాగ్యమనుకునేది. వెంటనే సిగ్గుపడేది. లోకం అంటురోగంతో ఊపిరాడక పోతున్నప్పుడు తన కళ్ళకు ఈ పండుగ ఎలా న్యాయమని తనను తానే ప్రశ్నించుకునేది. అయినా చూసేది.

కాపలా ఊరు తనకు తాను పెట్టుకున్నదే. నూరేళ్ళ కిందటి జ్వరంలో పోయినవాళ్ళను, పెట్టెలు చాలక, దుప్పట్లలో చుట్టి ఒకే గోతిలో పూడ్చిన ఊరది. అందుకే పెద్దలు ఈసారి గట్టిగా తీర్మానించారు: శవం ఊరంతా కూడే పెద్దింటికి రాకూడదు, బండి నేరుగా శ్మశానానికి పోవాలి, పూడ్చేవాళ్ళు తప్ప వెంట ఎవరూ నడవకూడదు. పూడ్చేదాకా శవాన్ని క్షణమైనా ఒంటరిగా వదలని మనుషులు తలలు వంచి ఒప్పుకున్నారు.

కిందటి వారం వికీ పెద్దమ్మ భర్త కెరెయామా పట్నం ఆసుపత్రిలో పోయాడు. ఆమె ఇల్లు కర్రకు ఎదురుగానే ఉంది. బండి వచ్చే వేళకు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"రాహెరా, నువ్వొక్క పిలుపు పిలవవే. కట్టుకున్నదాన్ని, నా నోటితో పిలవకూడదు కదా."

ఊళ్ళోకి వచ్చే శవాన్ని రమ్మంటూ ఆడగొంతు పిలవాలి. అయినవాళ్ళు మౌనంగా ఉండాలి, పిలుపు మరొకరు పెట్టాలి. ఆ వీధిలో పిలవగల గొంతులు రెండే: ఒకటి వికీది, రెండోది రాహెరాది.

పిలుపు వింటే ఇళ్ళలోంచి జనం వచ్చేస్తారని రాహెరా భయపడింది. "వద్దు పెద్దమ్మా. అటు చూడు, తాత బయటికొచ్చి నిలబడ్డాడు. అంతకన్నా తోడేం కావాలి?" అంది. అన్నాక తానే కొండవైపు చూస్తూ ఉండిపోయింది. ఆ పొద్దు ఎండలో శిఖరం అంత బాగుంది. బండి ఎప్పుడు దాటిందో కూడా సరిగ్గా గమనించలేదు.

ఇవాళ ఆ దారినే రాహెరా తమ్ముడు హైమోనా శవబండిలో వస్తున్నాడు. పట్నంలో గుండె ఆగి పోయాడు.

"అక్కా, నువ్వే పిలిచెయ్. ఎవడు అడుగుతాడు?" అన్నాడు కాపలాలో తోడున్న పావొరా.

"వాడు అడుగుతాడు."

"వాడు బతికుండగా నీ మాటకెప్పుడు ఎదురుచెప్పాడులే. ఇప్పుడు చెప్తాడా?"

రాహెరా నవ్వబోయి ఆగిపోయింది. దారి దాటి వికీ గేటు బయట నిలబడింది. వికీ వసారాలో కూర్చుని చిలగడదుంపలు చెక్కుతోంది.

"పెద్దమ్మా, హైమోనా వస్తున్నాడు. పిలుపు లేకుండా పోతాడు."

కత్తి ఆగలేదు. "తాత బయటే ఉన్నాడుగా. చూడలేదూ? ఇవాళ ఇంకా బాగున్నాడు."

ఆ మాట రాహెరాదే. అప్పుడది ఓదార్పని నమ్మింది. ఇప్పుడు విన్నాక తెలిసింది, అది తలుపు మూయడమని.

బండి వచ్చింది. పావొరా కర్ర ముడి విప్పడానికి అవస్థపడుతున్నట్టు నటించాడు. "ఇదొకటి, ఇవాళే బిగుసుకుంది. కాస్త ఆగు బాబాయ్," అన్నాడు డ్రైవరుతో. వసారాలో కత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముడి విప్పకుండా ఇంకెంతసేపని ఉంటాడు? కర్ర లేచింది.

అప్పుడు రాహెరా గొంతెత్తింది. తమ్ముడి పేరు పలకలేదు. కెరెయామా, అని వికీ భర్తను పిలిచింది. వారం కిందట దాటిపోయినవాడా, నీ ముందు పోయినవాళ్ళను వెంటబెట్టుకుని రా, అని పిలిచింది. ఆ పిలుపు సాగుతుండగానే హైమోనా బండి నెమ్మదిగా సాగిపోయింది. డ్రైవరు తన బండికేననుకుని టోపీ తీశాడు.

కత్తి చప్పుడు ఆగింది.

బండి మలుపు తిరిగింది. దుమ్ము అణిగింది. అంతా అయిపోయాక వసారాలో వికీ లేచి నిలబడింది. ఒళ్ళోని తొక్కలు కాళ్ళ మీద రాలాయి. హైమోనా, అని పిలిచింది. వారం రోజులుగా ఏడ్చిన గొంతు. కంచె దాటలేదు. రెండోసారి పిలిచింది. అదీ దాటలేదు.

"విన్నాడంటావా?" అని అడిగింది.

"తెలీదు పెద్దమ్మా," అంది రాహెరా.

ఎదురుగా ఒక కారు వచ్చి ఆగింది. పైన మంచు మీద జారే బద్దలు కట్టి ఉన్నాయి. లోపలి కుర్రవాడు అద్దం దించాడు. "ఒక్కసారి కొండ చూసి పోతామండీ. ఇలాంటి రోజు మళ్ళీ దొరకదు."

"వెనక్కి తిప్పు," అంది రాహెరా. కారు పోయేదాకా, పోయాక కూడా, ఆమె కర్రమీద చేతులుంచి దారివైపే చూస్తూ నిలబడింది. వీపువెనక తాత మెరుస్తూనే ఉన్నాడు.