మింగో నిశానీ

శవపెట్టె భుజాల మీద ఉండగానే శ్మశానం దారిలో గేటు దగ్గర ఆపేశారు.

"చనిపోయినాయన మింగో వంశమేనా?" అన్నాడు కంపెనీ కాపలావాడు. "వంశం కాకపోతే లోపలికి పంపొద్దని కోర్టు ఆర్డరుంది. రుజువు కాగితం చూపించండి."

లూవీనియా ముందువరసలో పెట్టె మోస్తోంది. లోపల ఉన్నది ఊరంతా బాబాయి అని పిలిచే ఎజెకీల్. బతికినన్నాళ్ళూ ఈ దీవిలో వలలు అల్లినవాడు, ఆ శ్మశానంలో సగం గోతులు తన చేత్తో తవ్వినవాడు. అలాంటి మనిషి తన గోతిలోకి దిగడానికి కాగితం కావాలట!

"సచ్చిపోయినోడు కాగితం ఎక్కణ్ణించి తెత్తాడయ్యా? పెట్టి తెరిసి నువ్వే అడుగు" అంది ఎజెకీల్ భార్య హేగర్.

కాపలావాడు కదల్లేదు. చేసేదిలేక పోటు వచ్చేదాకా ఎండలో కూర్చున్నారు. నీళ్ళు ఎక్కాక పెట్టెను పడవలో వేసుకుని, తుంగలోంచి వెనకదారిన పోయి, సొంత నేలలో దొంగల్లా పూడ్చి వచ్చారు. ఆ అవమానం లూవీనియాకి గొంతు దిగలేదు.

అమెరికాలో బానిసత్వం పోయిన కొత్తలో, పాత దొర పత్తితోటలోంచి మింగో అనే నల్లవాడి పేరున కొన్న నేల అది. అందుకే మింగో పాయింట్ అన్నారు. వందేళ్ళుగా నలభై ఇళ్ళవాళ్ళు గట్లు వేసుకోకుండా, పంచుకోకుండా అక్కడ బతుకుతున్నారు. ఇప్పుడు దానిమీద సీబ్రైట్ కంపెనీ కన్నుపడింది. హోటళ్ళు కట్టాలట, గోల్ఫ్ ఆడాలట. న్యూయార్క్‌లో ఉంటున్న మింగో మునిమనవణ్ణొకణ్ణి పట్టుకుని, వాడి వాటా కొనేసి, "మేమూ వాటాదారులమే, మొత్తం నేల వేలం వేసి డబ్బు పంచండి" అని కోర్టుకెక్కింది. జడ్జి ఇంకో మెలిక పెట్టాడు. మింగో రక్తం పంచుకు పుట్టినట్టు రుజువు చేసుకున్నవాళ్ళకే వాటా. మిగతావాళ్ళంతా ఆక్రమణదారులు.

లూవీనియా పీతల షెడ్డులో పనిచేస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా జిల్లా కచేరీకి పోయి పాత దస్తావేజులు తిరగేస్తుంది. అక్షరం రాని ఆ తాతలు సంతకం బదులు అడ్డగీత గీసి నిశానీ పెట్టారు. ఒకే పేరు ముగ్గురికుంటే గీత వాలు చూసి ఎవరెవరో విడదీసేది. అలా వంశాలన్నీ కలుపుకుంటూ పోతే చివరికి తేలింది ఇది: నలభై ఇళ్ళలో మింగో రక్తం పన్నెండు ఇళ్ళదే. తన ఇల్లు అందులో ఉంది. హేగర్ ఇల్లు లేదు.



విషయం తెలిసి ఊరంతా ప్రార్థన పాకలో చేరింది. ముందుగా టోబియాస్ లేచాడు. లూవీనియాకి పెత్తండ్రి కొడుకు, ఒకరి చావు ఖర్చు అందరూ పంచుకునే ఊరి చావు సంఘానికి పెద్ద.

"నాను సెప్పేది ఇనండర్రా. పన్నెండిళ్ళోళ్ళమైనా వాటా తీసుకుని బయటపడదాం. మిగిలినోళ్ళతో కలిసి మునిగిపోతే ఏటొస్తాది?"

"ఓరి టోబియాసూ! నీ పెళ్ళికి రొయ్యలన్నీ పట్టుకొచ్చినోడు నా మొగుడు. ఇయ్యాల మేం మిగిలినోళ్ళమైపోనామేట్రా?" హేగర్ విరుచుకుపడింది.

"నానన్నానేటత్తా? కోర్టంటోంది."

"కోర్టు తన నోరు నీకు అద్దెకిచ్చిందేట్రా?"

అటు పన్నెండు ఇళ్ళు, ఇటు ఇరవై ఎనిమిది ఇళ్ళు. నిన్నటిదాకా ఒకే కుండలో ఎర్రన్నం తిన్నవాళ్ళు బెంచీలు జరుపుకుని విడివిడిగా కూర్చున్నారు. కంపెనీకి కావలసింది ఇదే.  లూవీనియా లేచి, పెద్దవి చేయించిన రెండు ఫొటోలు గోడకి అంటించింది.

"తిట్టుకోడం ఆపి ఇది సూడండి. ఇది పన్ను కాగితం మీద మింగో నిశానీ. సన్నంగా, కుడికి వాలింది. ఏ కాగితం మీదైనా ఇంతే. ఇది బూమి కొన్న దస్తావేజు మీద నిశానీ. నా వేలంత లావుంది, కాగితం కూడా సిరిగిపోయింది. సిరా ఒలికిందని కంపెనీ నిపుణుడు సెప్పాడు. ఒలికిన సిరా గీత ఎంటే ఎందుకు పోతాది? ఒకే గీతని మళ్ళీ మళ్ళీ దిద్దినట్టుంది. అలా ఎందుకు దిద్దాడో నాకు తెలడంలేదు."

"సెయ్యి వణికుంటాది" అన్నారొకరు.

"రెండు సుక్కలు ఏసుంటాడు, మనోడే కదా!" అన్నారింకెవరో. నవ్వులు లేచాయి.

టోబియాస్ నవ్వలేదు. గోడ దగ్గరికి నడిచాడు. ఫొటో మీద వేలు పెట్టి ఆ గీత వెంట ఒకసారి పోయాడు. అతని ముఖం మాడిపోయింది. అక్కడ నోరు మూసుకుని కూర్చుంటే అతని వాటా అతనికి దక్కేది, అడిగేవాడు లేడు.

"సావు సంగంలో నన్ను సేర్సుకున్ననాడు మా అయ్య పుస్తకంలో ఒక గీత గీసినాడు" అన్నాడు. "అదే కలంతో, అదే గీత మీద మీరందరూ దిద్దినారు. ఎజెకీల్ బాబాయి కూడా దిద్దినాడు. అలా దిద్దినోళ్ళే కదా ఒకల పెట్టి ఒకలు మోసేది? ఇది మింగో ఒక్కడి సెయ్యి కాదర్రా. కొన్నోళ్ళందరి సెయ్యీని."

 ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. మాది కూడా అలాగే దిద్దారని ఒకరు, మా అమ్మ చెప్పేదని ఇంకొకరు.

లూవీనియాకి ఒళ్ళు మండింది, ముందు తనమీద తనకే. రక్తం కోసం వెతుకుతూ చేతుల్ని చూడలేకపోయింది. తోటలోని బానిసలు తలా ఒక చోటునుంచి అమ్ముడుపడి వచ్చినవాళ్ళు. బిడ్డ ఒక దొరకి, తల్లి ఒక దొరకి. పక్క గుడిసెవాడే అన్న, ఎదురు గుడిసెలో ఉన్నదే అత్త. వాళ్ళ రక్తసంబంధాల్ని సంతలో తెంపి అమ్ముకున్నవాళ్ళ మనవలే ఇవాళ రక్తానికి రుజువు అడుగుతున్నారు!

కోర్టులో ఈ మాట లాయరు చేత చెప్పించారు. నలభై ఇళ్ళూ సాక్ష్యానికి నిలబడ్డాయి. జడ్జి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"దస్తావేజులో ఉన్నది ఒక్క పేరు. గీత ఎంత లావుందో కొలవడం కోర్టు పని కాదు. సోమవారం కోర్టు మెట్ల మీద వేలం."

ఈలోపు కంపెనీ మనిషి టోబియాస్ గుమ్మం తొక్కాడు. వాటాకి రెట్టింపు ఇస్తాం, సోమవారం మీ పన్నెండు ఇళ్ళవాళ్ళనీ వేలం దగ్గరికి రానివ్వకుండా చూడమన్నాడు.

"నా వాటా నలబయ్యో వంతు. పోయి మీ జడ్జికి సెప్పు" అని టోబియాస్ తలుపేసుకున్నాడు.

సోమవారం పడవలన్నీ పట్నం రేవుకి చేరాయి. వేలానికి ముందు నేల హద్దులు నలుగురికీ వినపడేలా చదవాలి, లేకపోతే వేలం చెల్లదు, అది వాళ్ళు రాసుకున్న చట్టమే. పాటదారు కాగితం విప్పి గొంతు ఎత్తాడు.

"మింగో పాయింట్. తూర్పున..."

హేగర్ చేతికర్రతో చెక్కమెట్టు మీద దన్‌మని కొట్టింది. మళ్ళీ కొట్టింది. టోబియాస్ కాలు కలిపాడు. ప్రార్థన పాకలో కర్ర దెబ్బకి కాళ్ళు ఆడించే జనం అది, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నలభై ఇళ్ళ కాళ్ళు మెట్ల మీద పడ్డాయి. చప్పట్లు లేచాయి. కిటికీల అద్దాలు గలగలమన్నాయి.

"తూర్పున..." పాటదారు మళ్ళీ అరిచాడు. పక్కనున్న కంపెనీ లాయరుకే వినపడక చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

పోలీసులు ముందు లూవీనియాని పట్టుకున్నారు. కాగితాలు తవ్వింది ఆమేనని వాళ్ళకి తెలుసు. రెక్కలు విరిచి కారులోకి తోశారు.

"నీకు వాటా రాసే ఉంది కదా, వాళ్ళ కోసం నీకెందుకీ గోల?" అన్నాడు పోలీసు.

"వాళ్ళెవరు? ఒక్కల్ని సూపించు" అంది లూవీనియా. ఆమె కాలు కారు నేల మీద దరువేస్తూనే ఉంది.

"ఆ కాలు ఆపు."

ఆపలేదు. బయట హేగర్‌ని ఈడ్చారు. కర్ర టోబియాస్ అందుకున్నాడు. అతన్ని ఈడ్చారు, ఇంకొకరు అందుకున్నారు. రేవులో పక్క దీవుల పడవలు ఆగుతున్నాయి, దిగినవాళ్ళు దిగినట్టే వచ్చి కాలు కలుపుతున్నారు.

సాయంత్రం కోర్టు తలుపులు మూసేదాకా మింగో పాయింట్ తూర్పు హద్దు ఏమిటో ఎవరికీ వినపడలేదు.