క్షమాపణతో మొదలైన ఉత్తరం

సాంతో దొమింగో చావడిలో స్తంభాల కింద కూర్చుని జనానికి ఉత్తరాలు రాసిపెట్టే రాతగాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకడు దొన్ ఎవేలియో. రెండోవాడు ఎదురు స్తంభం దగ్గర కంప్యూటర్ పెట్టుకున్న నబోర్. దొన్ ఎవేలియో లెక్కలో మాత్రం ఒక్కరే.

కుర్రతనంలో పదేళ్లు సరిహద్దుకు అవతలి దేశపు హోటళ్లలో గిన్నెలు తోమి నేర్చుకున్న ఇంగ్లీషు ఆయనది. ఆయన రాసిన ఉత్తరం చదివి కాన్సులొకడు వెక్కి వెక్కి ఏడ్చి, కళ్లు కనపడక ఒకటికి నాలుగు వీసాలు గుద్దాడట. మొదట్లో ఈ కథలో వీసాలు రెండే. ఆయన వయసుతో పాటు అవీ పెరిగాయి.

ఆయన వాక్యం ఒకసారి బయలుదేరితే ఆపడం ఎవరి తరం కాదు. కామా మీద కామా వేసుకుంటూ, కొండలెక్కి, వాగులు దాటి, రెండో పేజీ అడుగుకు చేరితే గానీ చుక్క కనపడదు. ఒక సిపాయి తన ప్రియురాలికి ఉత్తరం రాయించుకుంటూ, మధ్యలో లేచి వెళ్లి భోంచేసి, గడ్డం గీయించుకుని వచ్చినా వాక్యం ఇంకా నడుస్తూనే ఉందని చావడిలో చెప్పుకుంటారు.

"దొన్ ఎవేలియో, మీ చుక్క ఎక్కడ? వెరాక్రూజ్ పోయిందా, సముద్రస్నానానికి?" అని నబోర్ అరిచేవాడు.

"నీలాగా మాటకో చుక్క పెడితే అది ఉత్తరం కాదురా, మశూచి" అని ఆయన తలెత్తకుండానే జవాబిచ్చేవాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఎర్లిందా వచ్చింది. ఇళ్లల్లో పనిచేసే మనిషి, నలభై దాటి ఉంటాయి. గెర్రెరో కొండల్లోని ఊరు. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, బల్ల అంచు చూస్తూ చెప్పింది. ఊళ్లో నల్లమందు కోసం గసగసాలు పండించే తోటలవాళ్లు ఆమె పెద్ద తమ్ముణ్ని కాల్చేశారు. చూసినవాడు చిన్న తమ్ముడు అన్సెల్మో. పారిపోయి, సరిహద్దు దాటి టెక్సాస్ చేరి, కోళ్లు కోసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇప్పుడు కాగితాలు లేక పట్టుబడి జైల్లో ఉన్నాడు. వెనక్కి పంపితే ఆ తోటలవాళ్లు బతకనివ్వరు. ఇంటివాళ్లు జరిగింది రాసి పంపితే జడ్జి చూస్తాడని అక్కడెవరో చెప్పారట.

"చిన్నగా రాస్తే చాలంటున్నారయ్యా. ఎవరు చంపారు, ఎప్పుడు చంపారు, అంతే" అంది ఎర్లిందా.

"ఎవరన్నారమ్మా ఆ మాట? ఆ మశూచివాడా?" దొన్ ఎవేలియో కాగితం టైపు మిషనులో దూర్చాడు. "మీ ఊళ్లో పిల్లనడగడానికి వెళ్తే గుమ్మంలో నిలబడి ఏమంటారు?"

"ముందు క్షమించమంటాం. మా పిల్లాడి తప్పులన్నీ మన్నించండి అంటాం."

"పిల్లాడేం తప్పు చేశాడని?"

"ఏం చెయ్యడు. అనాలి కదయ్యా. అనకపోతే పెంపకం లేనివాళ్లనుకోరూ?"

"మరి అంత పెద్ద జడ్జి గుమ్మంలోకి క్షమాపణ లేకుండా దూరిపోదామా?"

ఎర్లిందాకు సబబుగా తోచింది. తల ఊపింది.

దొన్ ఎవేలియో వేళ్లు ఆడాయి. జడ్జిగారి ఆరోగ్యం, ఆయన కుటుంబ క్షేమం, ఆ దేశపు గొప్పతనం, అన్నీ వరసగా దిగాయి. ఆ తర్వాత, నా తమ్ముడు అన్సెల్మో మీ ఉదారమైన దేశానికి చేసిన సమస్త అపరాధాలకూ, కలిగించిన కష్టనష్టాలకూ తలవంచి క్షమాపణ వేడుకుంటున్నాను అని రాశాడు. హత్య సంగతి మూడో పేజీలో వచ్చింది, ఒక కామాకీ ఇంకో కామాకీ నడుమ. స్పానిష్‌లోకి తిప్పి చదివి వినిపిస్తే ఎర్లిందా కళ్లు తుడుచుకుంది. అది ఆయనకు నచ్చింది.

ఏప్రిల్‌లో ఆమె ఒక కవరు పట్టుకొచ్చింది. "ఇంగ్లీషులో ఉంది, దొన్ ఎవేలియో. విడిచిపెడతారనేనా?"

ఆయన కళ్లజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. కోర్టువాళ్ల వాక్యాలు పొట్టివి. ప్రాణభయం ఉందన్న మాటకు తగిన వివరాలు ఇవ్వలేదు. ఇతను ఈ దేశంలో అనేక అపరాధాలు చేశాడని స్వయంగా ఇతని అక్కే రాసి ఇచ్చింది. వెనక్కి పంపవద్దన్న కోరిక తిరస్కరించడమైనది.

రెండో వాక్యం దగ్గర ఆయన ఆగిపోయాడు. మళ్లీ చదివాడు. అవి తన మాటలే.

"ఏమైంది?" అంది ఎర్లిందా.

"కాదన్నారమ్మా."

"ఎందుకని?"

ఎందుకో ఏముంది, అందరికీ కాదంటారు అనొచ్చు. నాలుక మీదికి వచ్చింది కూడా. ఆ కాగితం చావడిలో చదవగలిగినవాడు ఇంకొక్కడే, వాడు ఎదుటి స్తంభం దగ్గర నవ్వుతూ ఎవరికో బిల్లు కొడుతున్నాడు. కానీ కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది. ముప్పై రోజుల్లోగా మళ్లీ అడగవచ్చు. కవరు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

"వాడు తప్పులు చేశాడని నువ్వు ఒప్పుకున్నావని రాశారు" అన్నాడు దొన్ ఎవేలియో. "నేను రాసిన క్షమాపణ. దాన్ని వాళ్లు సాక్ష్యం కింద పట్టుకున్నారు."

ఎర్లిందా ఖాళీ కవరు తీసి సంచిలో పెట్టుకుంది.

"వాళ్ల ఊళ్లో మర్యాదకు క్షమించమనరా?"

"అనరు కాబోలు."

"పదేళ్లున్నారు కదయ్యా అక్కడ."

"వంటింట్లో ఉన్నాను తల్లీ. అక్కడ నాతో ఎవరూ మాట్లాడలేదు."

ఆయన లేచి, కాగితం పట్టుకుని, ముప్పై ఏళ్లలో ఎన్నడూ దాటని ఆ పన్నెండడుగులూ దాటి నబోర్ ముందు నిలబడ్డాడు. నబోర్ ఏదో వేళాకోళం ఆడబోయి, ముసలాయన మొహం చూసి మానుకున్నాడు. చదివాడు. కుర్చీ ఎర్లిందా వైపు జరిపాడు.

"చెప్పక్కా. మీ పెద్ద తమ్ముడి పేరు? ఏ రోజు? ఎన్ని గంటలకు? కాల్చినవాళ్ల పేర్లు తెలుసా?"

ఆమె చెబుతుంటే చుక్కలు పడుతూ పోయాయి. చివర దొన్ ఎవేలియో తన తరఫున ఒక ముక్క చేర్చమన్నాడు. మొదటి ఉత్తరంలోని క్షమాపణ నాది, ఆమెది కాదు, అన్సెల్మో ఏ తప్పూ చేయలేదు అని. నబోర్ అలాగే కొట్టాడు. ఆయన సంతకం పెట్టబోతుండగా ఎర్లిందా సంచిలో ఫోను మోగింది.

"అన్సెల్మో?" అంది ఆమె. "ఏ నంబరురా ఇది? ఎక్కణ్నించి?"

ఫోను గొంతు పక్కవాళ్లకూ వినపడుతోంది. సరిహద్దు ఊరు రెయ్నోసా. వంతెన దాటించి వదిలేశారు, పొద్దున్నే.

"ఇంకా పదకొండు రోజులున్నాయి కదరా. ఎలా పంపుతారు?"

"నేనే సంతకం పెట్టేశానక్కా, ఇంక అడగనని. నీ ఉత్తరం నాకు స్పానిష్‌లో చదివి వినిపించారు. సొంత అక్కే ఇలా రాస్తే నీ మాట ఎవడు నమ్ముతాడన్నారు. నేనేం తప్పు చేశానక్కా? కోళ్లు కోశాను. అంతే కదా."

"అది మర్యాదకు రాసింది నాన్నా. ఉత్త మర్యాద. నువ్వు ఊరికి మాత్రం పోకు. బస్టాండులో కూర్చో. నేను వస్తున్నా."

"ఇక్కడ ఎవరో ఇద్దరు ఏ ఊరని అడుగుతున్నారక్కా. ఉండు..."

ఫోను తెగిపోయింది. ఆమె మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. సంతకం లేని కాగితం నబోర్ బల్ల మీద అలాగే ఉంది.

ఎర్లిందా ఆ పూటే బస్సెక్కింది. తొమ్మిదో రోజున ఒక్కతే తిరిగి వచ్చి, తిన్నగా దొన్ ఎవేలియో బల్ల దగ్గరే కూర్చుంది. సంచిలోంచి తమ్ముడి ఫోటో తీసి ముందు పెట్టింది.

"గోడలకు అంటించాలి. స్పానిష్‌లోనే."

ఆయన కాగితం దూర్చాడు. కనపడుటలేదు. అన్సెల్మో. వయసు ఇరవై ఆరు. ఎడమ చెవి కింద కాలిన మచ్చ. నీలం చొక్కా. చివరిసారి రెయ్నోసా బస్టాండు. చూసినవారు ఈ నంబరుకు చెప్పండి. కాగితం లాగి ఆమె చేతికిచ్చాడు.

ఎర్లిందా వేలు పెట్టి ఒక్కో మాటే చదువుకుంది.

"ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించమని రాయలేదేంటయ్యా? ఊరికే చెప్పండి అంటే మొరటుగా ఉండదూ?"

దొన్ ఎవేలియో కాగితం తిరిగి తీసుకుని మిషనులో ఎక్కించి, ఆ మాట కొట్టడానికి చోటు ఎక్కడుందో వెతుకుతూ కూర్చున్నాడు.