మూడో మగ్గం హ్యాండిల్

ఐజాక్ సారు చేతి మీద ఇనప రాడ్డు పడ్డప్పుడు వచ్చిన చప్పుడు నాకింకా చెవిలోనే ఉంది. ముప్ఫై ఏళ్ళు మరమగ్గాల మోతలో బతికినదాన్ని, చెవులు సగం పోయినదాన్ని. ఎన్నో మాటలు వినబడక రెండుసార్లు చెప్పించుకుంటాను. ఆ చప్పుడు మాత్రం పోలేదు.

నా పేరు అనసూయ. కన్నడ సీమలో, కబ్బన్‌పేటలో నాలుగు మరమగ్గాల షెడ్డు మాది. అనసూయమ్మకు నోరెక్కువ అని వీధంతా అంటారు. అననీ. నోరు లేనివాళ్ళ మగ్గాలు ఎప్పుడో పాత ఇనుముకు పోయాయి.

ఐజాక్ సారు మా మేడ మీద గదిలో బాడుగకు ఉండేవాడు. ఒంగోలు వైపు మనిషి. భార్య రాచెల్ నర్సు. ఆయన మునినారాయణప్ప ట్యుటోరియల్‌లో ఫిజిక్స్ చెప్పేవాడు. ఆ మునినారాయణప్ప ఈయన పాఠాలనే సీడీలు చేయించి, అట్టపెట్టెల్లో పెట్టి, పిల్లలకు అంటగట్టేవాడు. ఆనేకల్ నుంచి బస్సులో వచ్చే ఒక నేతగాడి కూతురు ఆ సీడీలు కొనలేక క్లాసే మానేసిందట. ఆ సంగతి తెలిసిన రోజు సారు అన్నం తినలేదు. మర్నాడు ఉద్యోగం వదిలేశాడు. ఇది 2007 ఎండాకాలం మాట.

"పాఠాలు మళ్ళీ కొత్తగా తీసి ఇంటర్నెట్‌లో ఫ్రీగా పెడతానక్కా. ఎవరైనా చూసుకోవచ్చు," అన్నాడు.

"ఊరికే ఇస్తే ఎవరు చూస్తారప్పా సారూ? మనోళ్ళకి దుడ్డిచ్చి కొన్నదే మంచిదనిపిస్తాది."

"చూస్తారక్కా. మీరే చూద్దురుగాని."

చూశారు. సైబర్ సెంటర్లలో పిల్లలు గుంపులుగా కూర్చుని చూశారట. ఆయన ఫిజిక్స్, లెక్కలు చెప్పాడు. రాచెల్ గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు చెప్పింది. పక్కవీధిలో రిటైరైన టీచరమ్మ కమలమ్మ చరిత్ర చెప్పింది. ఆఖరికి నన్నూ కెమెరా ముందు నిలబెట్టి మరమగ్గం ఎలా నడుస్తుందో చెప్పమన్నారు. నాలుగో తరగతి తప్పినదాన్ని నేను టీచరమ్మనట! పట్టుచీర కట్టుకుని మరీ చెప్పాను. నా జన్మలో అంత గర్వపడిన రోజు ఇంకోటి లేదు.

వచ్చిన చిక్కల్లా మోత. మా వీధిలో రెండొందల మగ్గాలు ఉంటే మనిషి గొంతు ఎక్కడ వినబడుతుంది? అందుకని సారు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ వేసవిలో రోజూ రెండు నుంచి నాలుగు దాకా కరెంటు తీసేవాళ్ళు. వీధంతా సద్దుమణిగేది. పనివాళ్ళు తిని పడుకోవడానికి వెళ్ళిపోయేవాళ్ళు. షెడ్డు కప్పుకు అద్దాల పెంకులు ఉన్నాయి కాబట్టి వెలుతురుకు కొదవలేదు. గోడకు నల్లరంగు పూసి బోర్డు చేశాం. కెమెరా బ్యాటరీతో నడిచేది. మేమంతా కరెంటు పోయిందని తిట్టుకునే ఆ రెండు గంటలే ఆయనకు బడి.

తీసిన పాఠాన్ని షెడ్డు మూలనున్న కంప్యూటర్‌లోకి ఎక్కించి, అదే టేపు మీద మళ్ళీ కొత్త పాఠం తీసేవాడు. ఒక్కొక్కటి నెట్‌లో పెట్టడానికి పూట పట్టేది. నూట పద్దెనిమిది పాఠాలు తీస్తే అప్పటికి నెట్‌కు ఎక్కినవి ముప్ఫై ఒకటి. నాది ఇంకా ఎక్కలేదు.

ఆ రోజు సారు పాఠం మొదలుపెట్టి పావుగంటైంది. నేను ఒక పక్కన కూర్చుని నూలు కండెలు ఏరుకుంటున్నాను. మూడో మగ్గం హ్యాండిల్ లాగడం ఆ రోజు నేను మరిచిపోయాను. వీధిలో అందరికీ నీతులు చెప్పే నేనే.

హ్యాండిల్ గురించి చెప్పాలి. అది ముందుకు ఉంటే మగ్గం నడుస్తుంది, వెనక్కి లాగితే ఆగుతుంది. ముందుకు ఉండగా కరెంటు పోయి మళ్ళీ వస్తే చెప్పాపెట్టకుండా మగ్గం కదిలిపోతుంది. అప్పుడు లోపల ఎవరి చేయి ఉంటే వాళ్ళ పని అయిపోయినట్టే. మా ఆయన చిన్నప్ప కుడిచేతి వేళ్ళు రెండు అలాగే పోయాయి.

ముగ్గురు మనుషులు వచ్చారు. మూతులకు గుడ్డలు కట్టుకున్నారు. మొదటివాడు తలుపు గడియ పెట్టాడు. రెండోవాడు సారును జుట్టు పట్టుకుని బోర్డుకేసి కొట్టాడు. ముక్కు పగిలి, రాసిన సుద్ద అక్షరాల మీదుగా రక్తం కారింది. ఆయన కిందపడితే కడుపులో తన్నాడు. మూడోవాడు, పొడుగాటివాడు, రాడ్డుతో కంప్యూటర్‌ను చితక్కొట్టాడు. డబ్బా పగిలాక, లోపల పాఠాలుండే డిస్కును బయటికి లాగి దాన్ని కూడా ముక్కలు చేశాడు.

నేను నాడె అందుకున్నాను. మగ్గంలో నూలు మోసుకుపోయే నాడెకు రెండు కొసలా ఇనప మొనలుంటాయి. తన్నేవాడి ముఖానికి గురిచూసి విసిరాను. కన్ను తప్పింది, కనుబొమ్మ చీలింది. వాడు అరుస్తూ కూలబడ్డాడు. నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కన్ను తగలలేదే అని ఏడుపు కూడా వచ్చింది. నాడెను కొట్టే కర్ర ఊడబెరికి పొడుగాటివాడి భుజం మీద నా బలమంతా పెట్టి వేశాను. వాడు మూలిగాడు కానీ నా వైపు తిరగలేదు. ముగ్గురిలో ఒక్కడు కూడా నా మీద చేయి వేయలేదు. ఎందుకు వేయలేదన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

మొదటివాడు సారు కుడిచేతిని లాగి నేలకు అదిమిపట్టాడు. పొడుగాటివాడు రాడ్డు ఎత్తాడు. మూడు దెబ్బలు.

పోతూ పోతూ మొదటివాడు కెమెరాను చూశాడు. "ఇదీ పగలగొడదామా?" అన్నాడు. కనుబొమ్మ పగిలినవాడు, "కరెంటే లేదు కదలేరా, అది సచ్చిన మిషను. పద పద," అన్నాడు. ఒక తన్ను తన్నితే కెమెరా నూలు బస్తాల్లో పడింది. తలుపు తీసుకుని పోయారు.

సారు మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. రాచెల్ డ్యూటీలో ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళాం. మొగుడి చేతికి తానే సూది వేసింది. ఆ పిల్ల ఏడవలేదు. నేను ఏడ్చాను, తిట్టాను, ఆసుపత్రి కాపలావాడి మీద అరిచాను. నెట్‌కు ఎక్కని పాఠాలన్నీ పోయాయి. నా పాఠం కూడా పోయింది.

మర్నాడు నూలు బస్తాలు సర్దుతుంటే కెమెరా దొరికింది. టేపు లోపలే ఉంది, చివరిదాకా తిరిగి ఆగింది. రాచెల్ దాన్ని వెనక్కి తిప్పి చిన్న తెర మీద చూపించింది. అంతా ఉంది. సారు గొంతు, తలుపు గడియ, నాడె, రాడ్డు, అన్నీ.

"ముఖాలు కనపడట్లేదు ఆంటీ. దీంతో ఏం ప్రూవ్ చేస్తాం?" అంది రాచెల్.

నాకు కనబడింది వేరే. కంప్యూటర్ పగలగొట్టి సారు వైపు పోతున్న పొడుగాటివాడు మూడో మగ్గం పక్కన ఒక్క క్షణం తడబడ్డాడు. తల తిప్పకుండానే ఎడమచేతి మణికట్టుతో హ్యాండిల్‌ను వెనక్కి లాగాడు. ఆ తర్వాతే రాడ్డు ఎత్తాడు.

కరెంటు లేదు, పనివాళ్ళు ఉండరు, ఏ మిషనూ నడవదు. ఆ వేళ చూసి వచ్చినవాడు మగ్గాల ఇంట్లో పెరిగినవాడే. ఆ మణికట్టును నేను ఎరుగుదును. నా మీద ఎవరూ ఎందుకు చేయి వేయలేదో కూడా అప్పుడే తెలిసింది. మా అత్త పోయినప్పుడు నా మరిది యశ్వంత్‌కు పదేళ్ళు. చిన్నప్ప వేళ్ళు తెగిన ఏడాది. అన్నం ముద్ద నోట్లో పెట్టే ముందు రోజూ అడిగేదాన్ని: "కరెంటు పోతే మొదట ఏం చేస్తావురా?" "హ్యాండిల్ లాగుతా వదినా." అప్పుడే ముద్ద. చేతిలో పుస్తకం ఉన్నా పలక ఉన్నా ఎడమ మణికట్టుతో లాగమని నేర్పింది నేనే. పెద్దవాడై మునినారాయణప్ప దగ్గర సీడీలు అమ్మే పనిలో చేరి, మహదేవపురలో గది తీసుకుని రెండేళ్ళైంది. అక్కడ కొత్త బ్రాంచి వాడికే ఇస్తానని మునినారాయణప్ప ఆశపెట్టాడని చిన్నప్ప ఒకసారి మురిసిపోతూ చెప్పాడు.

ఆదివారం వాడికి ఫోన్ చేసి భోజనానికి రమ్మన్నాను. వచ్చాడు. కుడిభుజం వంచుకుని నడుస్తున్నాడు. బస్సులో పడ్డానన్నాడు. వాడికిష్టమని రాగిముద్ద, ఉలవచారు చేశాను. కడుపునిండా తిన్నాడు. నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

"మూడో మగ్గంలో పోగులు తెగినాయి, నాకు కన్ను ఆనడం లేదు. రెండు ముళ్ళు వేసి పో నాయనా," అన్నాను.

షెడ్డులోకి వచ్చాడు. గోడ మీది రక్తపు మరక వైపు చూడలేదు. వంగి, నాడె పరిగెత్తే దారిలో కుడిచేయి పెట్టాడు. నేను ఒక చేత్తో వాడి మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో హ్యాండిల్ ముందుకు నెట్టాను.

"వదినా! ఏం చేస్తా ఉండావు?"

"నాలుగుకు కరెంటు వస్తాది. కదలగాకు."

"వదినా, హ్యాండిల్ ఆన్‌లో ఉండాది!"

"తెలుసురా. మొన్న నువ్వు ఆఫ్ చేస్తివే, అదే హ్యాండిల్. సారు చేతి ఎముకలు విరగ్గొట్టబోతా, మగ్గంలో ఎవరి చేయైనా పడతాదేమోనని ఆఫ్ చేస్తివి. కెమెరా చూసింది. దానికి కరెంటు అక్కరలేదురా, బ్యాటరీ."

లాక్కోవాలనుకుంటే వాడు లాక్కోగలడు. లాక్కోలేదు. "కంప్యూటర్ మాత్రమే అని చెప్పినారు వదినా. చేయి సంగతి అక్కడికి వచ్చినాక వాళ్ళే..." అని ఏడ్చాడు.

"వాళ్ళు కాదు. రాడ్డు నీ చేతిలో ఉన్నింది."

నా గోళ్ళు వాడి చర్మంలో దిగాయి. వాడి వేళ్ళు నుజ్జవ్వాలని నిజంగానే కోరుకున్నాను. మూడు వేళ్ళకు మూడు వేళ్ళు. వీధి చివరి షెడ్డులో మోటారు గర్రుమంది. ఆ పక్కది, దాని పక్కది. మా షెడ్డు మోటారు కూడా మూలిగింది. అంతే, నా ఎడమ మణికట్టు హ్యాండిల్‌ను వెనక్కి లాగేసింది. నేను లాగలేదు, అది లాగింది. ఆ చేతి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. యశ్వంత్‌ను చెంప మీద కొట్టాను, మళ్ళీ కొట్టాను, పెదవి చిట్లేదాకా కొట్టాను.

గడపలో చిన్నప్ప నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. "వాడు మనోడే అనసూయా. ముఖం కనపడలేదంటివి కదా. ఊరుకుండిపోదాం," అన్నాడు, మూడు వేళ్ళ చేతిని జోడిస్తూ.

ఊరుకుంటే అయిపోయేదే. మునినారాయణప్ప బోర్డు మీద ఇంకో బ్రాంచి పేరు ఎక్కేది, అంతే.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ టేపు రెండుసార్లు చూశాడు. ముఖం కనబడటం లేదు కదమ్మా, ఎవరని రాసుకోమంటావని కన్నడలో అడిగాడు. హ్యాండిల్ లాగే చేతిని చూపించాను. పేరు చెప్పాను. నీకెలా తెలుసు అన్నాడు. "నేనే నేర్పించాను," అన్నాను. రాసుకున్నాడు. సంతకం పెట్టాను. యశ్వంత్ లోపలికి పోయి, తనను పంపింది ఎవరో చెప్పాడు. వాడికి మూడేళ్ళ శిక్ష పడింది. మునినారాయణప్పకు అయిదు. చిన్నప్ప ఆ మూడేళ్ళూ నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ ఏడు వానలు మొదలైనా కరెంటు కోత ఆగలేదు. సారు కట్టు విప్పించుకుని వచ్చి, ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకున్నాడు. అక్షరాలు ఒకటో తరగతి పిల్లవాడివిలా ఉన్నాయి.

"ముందు మీ పాఠమే తీద్దామక్కా," అన్నాడు.

పట్టుచీర కట్టుకోలేదు. పనిచీరలోనే నిలబడ్డాను. నూలు గురించి చెప్పాను, నాడె గురించి, మోటారు గురించి చెప్పాను. తర్వాత మూడో మగ్గం దగ్గరికి వచ్చి, "కరెంటు పోతే మొదట ఏం చేయాలంటే..." అన్నాను. గొంతు రాలేదు. చేయి హ్యాండిల్ మీద ఉంది. సారు కెమెరా ఆపలేదు. రాచెల్ ఆపబోతే వద్దని సైగ చేశాడు.

ఆ పాఠం ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంది, ఎవరైనా చూడవచ్చు. అందులో ఆ చోట కొంచెంసేపు నేను కదలను, మాట రాదు. చూసే పిల్లలు నెట్ ఆగిపోయిందనుకుంటారట.