గ్లాసు అడుగున పంచదార

మా ఆయన ఎజెల్ కాలి బొటనవేలి మీద పుండు పడి ఎండాకాలమంతా మానలేదు. షుగర్ జబ్బు. పొద్దస్తమానం నిలబడి జనానికి క్రాపులు కత్తిరించే మనిషాయన. "తీపి మానకపోతే ముందు వేలు తీసేయాలి, తర్వాత పాదం" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. ఈయన అన్న క్లీటస్‌కు అలాగే మొదలై మోకాలి దాకా తీసేశారు. ఆ తర్వాత మనిషే దక్కలేదు. నేను కారులో కూర్చుని భోరుమన్నాను. ఈయన మాత్రం ఆకలేస్తోందన్నాడు.

కేకు మానేశాడు. చర్చి భోజనాల్లో మిఠాయిల బల్లకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఒక్క టీ దగ్గరే మొండికేశాడు. మా అమెరికా దక్షిణాదిన టీ అంటే పాకంలా తియ్యగా కాచి, చల్లార్చి, ఐసు వేసుకుని తాగేదే.

"చప్పటి టీ ఉత్తరాది వాళ్ళు తాగుతారే. నేను అలబామాలో పుట్టాను."

"కాళ్ళు లేకుండా అలబామాలో ఏం చేస్తావయ్యా?"

వాదించి లాభం లేదు. టీ వేడిగా ఉన్నప్పుడే జాడీలో కుమ్మరించే పంచదారను నేను గుప్పెడు గుప్పెడు తగ్గిస్తూ వచ్చాను. చివరికి అసలు వేయడమే మానేశాను. ఈయన ఐసు వేసుకుని కిక్కురుమనకుండా తాగాడు. పైగా ఏనాడూ సింకు ఛాయలకు రాని మనిషి తన గ్లాసు తనే కడుక్కోవడం మొదలుపెట్టాడు. జబ్బు చేస్తే గానీ బుద్ధి రాలేదు, ఎలాగైతేనేం వచ్చిందని మురిసిపోయాను.

రోజూ సాయంత్రం పక్కింట్లో ఉండే ఈయన అక్క వెర్లీన్ వచ్చి వసారాలో తమ్ముడి పక్కన కూర్చుంటుంది. తల్లి పోయాక ఈయన్ని పెంచింది ఆవిడే. ఒక ఆదివారం ఆవిడ వెళ్ళాక ఈయన కుర్చీలోనే కునుకు తీశాడు. సరే కదా అని గ్లాసు నేను తీశాను. అడుగున మందంగా పంచదార!

చల్లటి టీలో పంచదార కరగదని మా వైపు పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది. గ్లాసు తీసుకెళ్ళి ఆయన ముక్కు కింద పెట్టాను.

"ఏంటిది?"

ఒక కన్ను తెరిచాడు. "పంచదార."

"అది కనపడుతోందిలే! ఇన్నాళ్ళూ నా కళ్ళుగప్పి..."

"అరవకే, అక్క వింటుంది. వేసింది అక్కే."

నేను వంటింట్లోకి వెళ్ళగానే వదిన ఏప్రన్ జేబులోంచి పాత నశ్యం డబ్బా తీసి, అందులోంచి రెండు చెంచాలు వేస్తుందట.

"నీకు నోరు లేదా? వద్దని చెప్పలేవూ?"

ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "క్లీటస్ పోయే ముందు రోజు ఒక్క గుక్క తియ్యటి టీ అడిగాడే. డాక్టరు వద్దన్నాడని అక్క ఇవ్వలేదు. వాడు తెల్లారి లేవలేదు. ఇప్పుడు నేను కూడా వద్దంటే అక్క మొహం చూడగలనా?"

"అందుకని కాలు పోగొట్టుకుంటావా?"

"చెంచా చూడు."

చూశాను. బల్ల మీద పొడిగా ఉంది.

"నేను కలపనే. పైపైన తాగేసి, అడుగున ఉన్నది సింకులో ఒంపేస్తాను."

"ఎంతో కొంత కరగదూ?"

"ఆ కాస్తా అక్క కోసం."

ఆయన మీద కోపం పోయింది. కళ్ళు తుడుచుకుని గ్లాసు కడిగాను. ఆ రోజు నుంచి సాయంత్రాలు వంటింట్లో కాసేపు ఎక్కువే ఉన్నాను, వదిన తాపీగా డబ్బా మూత తీసుకోవడానికి. లోపల మాత్రం భయం ఉండనే ఉంది. పడుకునే ముందు కట్టు విప్పి చూస్తే పుండు మానుతోందో, మానినట్టు నాకే అనిపిస్తోందో తెలిసేది కాదు.

చలి ముదిరాక డాక్టరమ్మ కట్టు తీసేసింది. వేలు దక్కింది, ఇక భయం లేదంది. నేను అక్కడే ఆమెను కావలించుకున్నాను.

సాయంత్రం వెర్లీన్ వదిన వసారాలో కూర్చుని తమ్ముడి పాదం ఒళ్ళో పెట్టుకుంది. వేలు అటూ ఇటూ తిప్పి చూసి, పసిపిల్లాడి కాలిలా నిమిరింది. ఆవిడ కళ్ళ నీళ్ళు పాదం మీద పడ్డాయి. తర్వాత నా వైపు తిరిగింది.

"చూశావుటే ఎర్నెస్టీన్? నువ్వు చప్పటి టీ పోసి నా తమ్ముణ్ణి మాడ్చేశావు. నేను రోజూ రెండు చెంచాలు వేయబట్టి వాడి ఒంట్లో సత్తువ నిలిచింది. లేకపోతే ఈ వేలు దక్కేదా?"

నా నాలుక చివరికి పది మాటలు వచ్చాయి. ఎజెల్ నా వైపే చూస్తున్నాడు.

"క్లీటస్‌కు చేసినట్టు వీడికి చేయలేదు నేను" అంది వదిన, ఈసారి చాలా చిన్న గొంతుతో.

"అంతా నీ చేతి చలవే వదినా" అన్నాను.

ఆవిడ తమ్ముడు తాగేసిన గ్లాసు అందుకోబోయింది. అడుగు ఆవిడ కంట పడకముందే నేను లాక్కుని లోపలికి వెళ్ళి, అడుగున ఉన్న పంచదార ఒక్క పలుకైనా మిగలకుండా వేడినీళ్ళు పోసి కడిగేశాను.