ఎవరిదో వీపు

"స్క్రీన్ ఆరిపోకుండా చూసుకోమ్మా. ఆరిందంటే మళ్ళీ మొదటికొస్తుంది" అని చెప్పి మా అబ్బాయి ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

వంటింటి గట్టు మీద రెండు ఫోన్లు పక్కపక్కన పడుకుని ఉన్నాయి. ఒకటి నా పాతది, ఇంకొకటి వాడు కొనిచ్చిన కొత్తది. పాతదాంట్లోని ఫొటోలు కొత్తదాంట్లోకి పోవాలి. రెండూ రెండు కంపెనీలవి, ఒకదాని పద్ధతి ఒకదానికి పడదట. "అలిగిన వియ్యపురాళ్ళమ్మా ఇవి. మధ్యలో ఒక యాప్ పెట్టి రాయబారం నడపాలి" అని నవ్వాడు. రాయబారం యాప్‌ది, కాపలా నాది. తడిచేత్తో ముట్టుకుంటే ఫోన్ ఒప్పుకోదు. అందుకని కూరగాయలు తరుగుతూ, గిన్నెలు తోముతూ, మధ్య మధ్య చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని వేలి కణుపుతో దాన్ని తడుతూ ఉన్నాను. మా ఆయన వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి, "ఫోన్ చూస్తూ కూర్చుంటే వంటెప్పుడవుతుంది?" అన్నారు. పొద్దుట్నుంచీ నేను కూర్చోలేదు. ఈ ఇంట్లో నేను ఏం చేస్తున్నా, దానికి పెట్టే పేరు కూర్చోవడమే.

నా ఫోన్‌లో అందరి ఫోన్లలోనూ ఉండే ఫొటోలే ఉన్నాయి. మనవరాలి మొదటి పళ్ళు, మా ఆయన పదవీ విరమణ సభ, అబ్బాయి పెళ్ళి, కోడలు కొత్త బండి పక్కన నిలబడినది. అవి కాక ఇంకో రకం ఉన్నాయి. గుమ్మం దాటి వెళ్ళేవాళ్ళను వెనకనుంచి ఫొటో తీయడం నాకు అలవాటు. ముందునుంచి తీస్తే ముఖం సర్దుకుంటారు. అయినా బయల్దేరినవాళ్ళ ముఖం అప్పటికే మనది కాదు, వెళ్ళబోయే చోటుకి వెళ్ళిపోయి ఉంటుంది. వీపు మాత్రం వీధి మలుపు దాకా మనవైపే ఉంటుంది.

నా చిన్నప్పుడు ఒక పొద్దున మా అమ్మ "ఇప్పుడే వస్తా" అని ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. ఆ రోజు అమ్మ ఏ రంగు బట్టల్లో వెళ్ళిందన్నది నాకు ఒకలా గుర్తు, మా చెల్లెలికి ఒకలా గుర్తు. నీలం అని నేను, కాదు ఆకుపచ్చ అని అది. జుట్టు నెరిసేదాకా ఆ మాట మీద పోట్లాడుకున్నాం. కెమెరా ఉన్న ఫోన్ చేతికొచ్చాక నేనిక ఎవర్నీ ఊరికే వెళ్ళనివ్వలేదు. ఆఫీసుకు వెళ్ళే కొడుకు, బడికి వెళ్ళే మనవరాలు, వచ్చి వెళ్ళే చుట్టాలు, అందరి వీపులూ తీసి ఒక ఆల్బమ్‌లో దాచాను. దాని పేరు 'గుమ్మం'. మా ఆయనకు ఇదో వేళాకోళం. "వెనకాల తోకేమన్నా మొలిచిందా అని చూస్తోంది రా మీ అమ్మ" అనేవారు. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళ వీపులు కదులుతాయి. చాలా ఫొటోలు అందుకే మసకగా ఉన్నాయి.

నేను బడిలో చదువుకున్నది అక్షరాల వరకే. పిల్లల హోంవర్కు పక్కన కూర్చుని వాళ్ళతోపాటు నేనూ ఒక్కో తరగతీ దాటాను, పరీక్షలు మాత్రం వాళ్ళే రాశారు. అప్పట్నుంచీ కనపడిన అక్షరమల్లా చదువుతాను. మందుసీసా మీద ఉన్నదీ చదువుతాను, యాప్‌లో అడుగున చీమల బారులా ఉన్నదీ చదువుతాను. అలా చదివే, "ఇందులో ఆల్బమ్‌లు రావట, ఫొటోలు విడివిడిగా వస్తాయట. నా గుమ్మం చెదిరిపోతుందిరా" అని మా అబ్బాయికి ముందే చెప్పాను. "అవన్నీ ఎవరు చదువుతారమ్మా! వచ్చాక సర్దుకుందువులే" అన్నాడు. ఈ ఇంట్లో ఏది చెదిరినా, సర్దుకోవడం నా వంతే.

అకౌంట్ సంగతి కూడా అలాగే తేలింది. ముందురోజు సాయంత్రం టీలు తాగుతూ మా అబ్బాయి, "అమ్మ పేరుతో వేరే అకౌంట్ తెరవనా?" అని అడిగాడు. అడిగింది వాళ్ళ నాన్నను. నేను అక్కడే ఉన్నాను, ఖాళీ కప్పులు తీస్తున్నాను.

"ఒక ఇంటికి రెండు తాళాలెందుకురా? నా దాంట్లోనే పడెయ్. నాకూ మీ అమ్మకూ ఒకటే రకం ఫోన్లు కొన్నావుగా" అన్నారాయన.

"మంచిదే అత్తయ్యా. మామయ్య ఫోన్లోనూ అన్నీ కనిపిస్తాయి" అంది కోడలు. మంచి పిల్లే, నన్ను ఓదారుస్తున్నాననే అనుకుంది. ఇల్లు ఆయన పేరు మీద ఉంది. గ్యాసూ కరెంటూ ఆయన పేరు మీదే ఉన్నాయి. బయటివాళ్ళకు నేనెవరో చెప్పాలన్నా ఆయన పేరు చివర ఒక 'గారి భార్య' తగిలిస్తే సరిపోతుంది. నా అజమాయిషీలో ఉన్నవి ఆ ఫొటోలొక్కటే. వాటినీ ఆయన ఇంట్లోనే కాపురం పెట్టించారు.

మధ్యాహ్నానికి అన్నీ వచ్చేశాయి. మా అబ్బాయి పాత ఫోన్‌ని లోపలంతా తుడిచేసి షాపులో మార్పిడికి ఇచ్చేస్తానన్నాడు. వాడు తీసుకెళ్ళేముందు కొత్తదాంతో పాతదాని వీపు ఫొటో తీశాను. గీతలు పడి, ఒక మూల పగిలిన వీపు. కొత్త ఫోన్‌లో నేను తీసిన మొదటి ఫొటో అదే.

నేను భయపడినట్టే గుమ్మం చెదిరిపోయింది. పెళ్ళి ఫొటోల మధ్య పాలు పోసే మనిషి వీపు, మనవరాలి పుట్టినరోజు మధ్య చుట్టాల వీపులు. అదంతా మా ఆయన ఫోన్‌లోనూ కనపడుతోంది. పనులయ్యాక రోజుకు కాసిన్ని చొప్పున ఏరుకుని మళ్ళీ ఆల్బమ్ కట్టుకుందామనుకున్నాను.

ఒకరోజు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన పడకకుర్చీలోంచి లేచి ఒళ్ళు విరుచుకుని, "పొద్దుట్నుంచీ కష్టపడి ఫోన్ అంతా ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చేశాను. హాయిగా ఉందిప్పుడు" అన్నారు. ఆయన చీపురు పట్టగా నేనెప్పుడూ చూడలేదు. జన్మలో ఆయన ఊడ్చింది అదొక్కటే.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా ఫోన్ తీసి చూశాను. నా దాంట్లోనూ లేవు. ఒకే అకౌంట్ కదా, ఆయన అక్కడ తీస్తే ఇక్కడా పోయాయి. ఒక్క వీపూ లేదు.

"వెనకనుంచి తీసినవి ఏవండీ?"

"చెత్తంతా తీసేశాను. నాకు కావాల్సినవన్నీ ఉంచుకున్నాను."

"అందులో మా చెల్లెలిది ఉందండీ. మన గేటు దగ్గర తీసింది."

"సంచీ పట్టుకుని ఒకామె నడుస్తుంటుంది, అదా? నేనేదో ఎవరిదో వీపు అనుకున్నా" అన్నారు. తర్వాత నా ముఖం చూసి, "మీ చెల్లెలి ఫొటో గోడ మీద ఉందిగా, నిక్షేపంలా. ముఖమున్న ఫొటో ఉండగా వీపు దేనికే? చొక్కాలు కానివ్వు, సాయంత్రం బయటికెళ్ళాలి" అన్నారు.

ఎవరిదో వీపు. మా చెల్లెలు మా ఇంటికొచ్చిన చివరిసారి, రెండో రోజు పొద్దున బట్టలు ఉతికి ఆరేసుకుంటోంది. ఈయన పెరటి గుమ్మంలో పళ్ళు తోముకుంటూ తీగ వైపు చూసి, "ఏమ్మా మరదలా, చుట్టపు చూపా, మకామా?" అన్నారు. హాస్యానికే. ఈ ఇంట్లో నాకు తగిలిన దెబ్బలన్నీ హాస్యానికి తగిలినవే. అది కూడా నవ్వింది. నవ్వుతూనే తీగ మీది తడిబట్టలు ఒక్కొక్కటే తీసి మడిచి సంచీలో పెట్టుకుంది. "ఆరనివ్వవే" అన్నాను. "ఇంటికెళ్ళి ఆరేసుకుంటాలే అక్కా. నువ్వే రా ఒకసారి, నా గదిలో ఇద్దరం పడతాం" అంది. గేటు దాటుతుంటే ఫొటో తీశాను. సంచీ అడుగు తడిసి నల్లబడింది, ఆ తడి దాని బట్టలకూ అంటుకుని నడుము పక్కన మరకలా కనిపిస్తుంది. ఆ నెల తిరక్కుండానే దాని గుండె ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి కళ్ళు మూసి ఉన్నాయి. గోడ మీది ఫొటో స్టూడియోలో తీసింది. అందులో ఉన్నది ఎవరైనా కావచ్చు. గేటు దగ్గరిది మాత్రం అదే, నా చెల్లెలే. దాన్ని పంపించినాయనకు దాని వీపు తెలియలేదు.

నేను చొక్కాలు ఇస్త్రీ చేశాను. ఆయన బయటికి వెళ్ళారు. ఇస్త్రీబల్ల దగ్గరే నిలబడి, ఫోన్‌లో సహాయం అని ఉన్నచోట కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాను. అందులో తెలుగు మరమనిషి మాట్లాడినట్టుంది, ఒక్కో వాక్యం రెండేసిసార్లు చదవాల్సి వచ్చింది. తీసేసిన ఫొటోలు వెంటనే పోవట. కొన్నాళ్ళు ఒక చెత్తబుట్టలో ఉంటాయట, ఆలోగా వెనక్కి తెచ్చుకోవచ్చట. ఒకసారి ఏదేదో నొక్కాను. భయమేసి కాసేపు ఫోన్ బల్ల మీద పెట్టేశాను. మళ్ళీ తీశాను. బుట్ట తెరుచుకుంది. వీపులన్నీ అందులో కుప్పగా ఉన్నాయి. మా చెల్లెలు తడి సంచీతో అక్కడే ఉంది, ఇంకా మలుపు తిరగలేదు. అన్నిటినీ వెనక్కి తెచ్చాను.

ఊపిరి తీసుకున్నాక ఒక సంగతి తట్టింది. ఆయన మళ్ళీ ఊడుస్తారు. ఇల్లు ఆయనది.

మా అబ్బాయికి చెప్పాను. "నాకు వేరే అకౌంట్ పెట్టరా."

"మళ్ళీ ఇప్పుడెందుకమ్మా ఆ తలనొప్పి? నాన్న ఏమనుకుంటారు? ఇంకోసారి తీసెయ్యొద్దని చెప్తాలే" అన్నాడు. చెప్పలేదు. చెప్పడని నాకూ తెలుసు. వాళ్ళ నాన్న ఏమనుకుంటారోనన్న భయాన్ని వాడికి ఉగ్గుపాలతో పోసింది నేనే కదా.

ఆ వారమంతా పనుల మధ్యన సహాయం పేజీలు చదువుతూ అకౌంట్ నేనే తెరిచాను. మొదటి గడిలో నీ పేరేమిటని అడిగింది. ఎవరి భార్యవని అడగలేదు, ఎవరి తల్లివని అడగలేదు. టైపు చేసి చాలాసేపు చూసుకున్నాను. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళంతా పోయారు. ఆయన అకౌంట్ నుంచి నా ఫోన్‌ని విడదీస్తుంటే, ఫొటోల కాపీ ఇక్కడ ఉంచాలా అని అడిగింది. ఉంచమన్నాను. అవన్నీ నా అకౌంట్‌లోకి చేరేదాకా మళ్ళీ కాపలా కాశాను. ఈసారి కూర్చుని కాశాను.

చేరాక మా చెల్లెలి వీపు దాని కూతురికి పంపాను, ఏమీ రాయకుండా. వెంటనే జవాబొచ్చింది. "అమ్మ! పెద్దమ్మా, ఆ సంచీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నువ్వెప్పుడొస్తావ్? అమ్మ గది ఖాళీగానే ఉంది." కూతురికి ముఖం అవసరం పడలేదు.

ఇక ఆయన ఫోన్ మిగిలింది. దాన్ని రోజూ ఛార్జింగ్ పెట్టేది నేనే. తెరిచే నంబరు ఆయన మర్చిపోతే గుర్తుచేసేదీ నేనే. తెరిచాను. ఆయన తీసుకున్నవి, ఆయనకు స్నేహితులు పంపిన పూలూ సూక్తులూ ఒక్కటీ ముట్టుకోలేదు. నేను తీసినవన్నీ తీసేశాను. పెళ్ళి, పుట్టినరోజులు, పదవీ విరమణ సభ, దండ వేసుకుని ఆయన నవ్వుతున్నది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. ఇంట్లో చెత్త పారబోసేది ఎప్పుడూ నేనే. ఒక్క ఫొటో మాత్రం ఉంచాను.

నిన్న సాయంత్రం ఆయన పాత ఆఫీసు స్నేహితుడొచ్చారు. మనవరాల్ని చూపిస్తానని మా ఆయన ఫోన్ తీసి, వేలితో పైకీ కిందికీ జరిపారు. "ఏమేవ్! ఇందులో ఫొటోలేవీ?" అని కేకేశారు.

కాఫీ కప్పులు బల్ల మీద పెట్టాను. "నేను తీసినవి నేను తీసుకున్నాను. నాకు కావాల్సినవన్నీ ఉంచుకున్నాను" అన్నాను.

స్నేహితుడు కప్పులోకి చూస్తున్నారు. మా ఆయన ముఖం ఎర్రబడింది. "మరి ఇదొక్కటీ ఏమిటి? మళ్ళీ ఈ సంచీ వీపేమిటి నాకు?"

"చూస్తూ ఉండండి. వీపులు గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి మీరు" అన్నాను. లోపలికెళ్ళి, తీగ మీది నా బట్టలు ఆరాయో లేదో చూశాను. ఆరాయి. మడిచి సంచీలో పెట్టుకున్నాను.