పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు

పళ్ల డాక్టరు వృత్తిని దేవుడు ఆయన కోసమే కల్పించి ఉంటాడు. ఎదుటివాడు నోరు తెరుచుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉంటాడు. నోట్లో దూది, దూది పక్కన నీళ్లు పీల్చే గొట్టం. ఇక జవాబు చెప్పేదెక్కడ? డాక్టరుగారు మాట్లాడతారు. రోడ్ల గురించి, రాజకీయాల గురించి, అన్నిటికంటే ఎక్కువగా తన పాత మోటార్ సైకిల్ గురించి. అవతలివాడు "ఆఁ ఆఁ" అంటే అది నొప్పో ఒప్పుకోలో ఆయన ఏనాడూ విచారించలేదు, ఒప్పుకోలు కిందే జమకట్టేసేవారు. ఏళ్ల తరబడి ఇదే అలవాటైపోయి, ఇంటికొచ్చాక కూడా ఎవరైనా ఎదురు మాట్లాడితే ఆయనకి కాస్త వింతగా ఉండేది.

ఆ మోటార్ సైకిల్ వయసులో ఆయనకంటే పెద్దది. రెండు సిలిండర్ల బండి. పాత మోటార్ సైకిళ్ల సంఘంలో దానికి మంచి పేరు, దాని యజమానికి అంతకంటే మంచి పేరు. ఎందుకంటే ఒరిజినల్ కాని నట్టు ఒక్కటి కనబడినా డాక్టరుగారు ఊరుకునేవారు కాదు. పాపం ఒకాయన తన బండికి కొత్తరకం హారన్ పెట్టుకుంటే మీటింగులో నిలబెట్టి కడిగిపారేశారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ముసలివాళ్లకి కట్టుడుపళ్లు అమర్చే మనిషి, సాయంత్రం ఆరు దాటితే చాలు, ఒరిజినల్, ఒరిజినల్ అని ప్రాణం పెట్టేవారు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయని అడిగినవాళ్లు లేరు. అడగాలంటే ఆయన మాటలు ఆపాలిగా?

అలాంటి బండి పొగ కక్కడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే రెండు పిస్టన్లూ అరిగిపోయి, సిలిండర్లలో లొడలొడలాడుతున్నాయి. ఒరిజినల్ పిస్టన్ల కోసం డాక్టరుగారు గాలించని చోటు లేదు. చేసిన కంపెనీయే ఎప్పుడో మూతపడింది. చివరికి ఈ కాలంలో, ఈ కాలపు లోహంతో, వేరే ఎవరో తయారుచేస్తున్న పిస్టన్లు తెప్పించుకున్నారు. అట్టపెట్టె వచ్చిన రోజున కిటికీ తెరలు లాగి మరీ విప్పారు.

"ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదు. సంఘంలో తలెత్తుకోలేను," అన్నారు భార్యతో.

ఆవిడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. వేరే ఊళ్లో ఒక కాలేజీ ఆవిడని ప్రిన్సిపాల్‌గా రమ్మంది. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. వెళ్లాలని ఉంది, ఈయన్ని వదిలి వెళ్లడానికి మనసు ఒప్పడమూ లేదు. ఆవిడకి కావలసింది పెద్ద సలహా కాదు. నీకెలా ఉంది అని ఒక్కసారి అడిగితే చాలు, అప్పుడు ఉండమన్నా ఉంటుంది, వెళ్లమంటే నవ్వుతూ వెళుతుంది. అడగకపోతే మాత్రం ఏం చేస్తుందో ఆవిడకే తెలియదు. ఆ మాట ఆవిడ కాఫీ దగ్గర ఎత్తింది, భోజనం దగ్గర ఎత్తింది, ఆయన బూట్లు వేసుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి ఊరి పేరుతో సహా చెప్పింది. ఆయన ప్రతిసారీ "మంచిది, మంచిది, చూద్దాం," అని పిస్టన్ల దగ్గరికి వచ్చేశారు.

పెట్టెలో ఒక కాగితం ఉంది. డాక్టరుగారు దాన్ని పక్కకి నెట్టేశారు. ఆవిడ తీసి చదివింది.

"ఏమండీ, ఇది చూడండి. ఈ లోహం వేడికి ఎక్కువ ఉబ్బుతుందట. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య, బండితో వచ్చిన పాత పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ సందు వదలాలని..."

"పుస్తకం ఎవరు రాశారు? ఆ బండి పుట్టించినవాళ్లు."

"వాళ్లు రాసింది వాళ్ల పిస్టన్ల గురించండీ. ఇవి..."

"చూడు, లోపల పరాయి సరుకు పెడుతున్నానన్న బాధ నాకు ఉండనే ఉంది. కొలతైనా ఒరిజినల్‌గా ఉండనీ. నా తృప్తి నాకుండాలిగా?"

"తృప్తికీ వ్యాకోచానికీ..."

"నువ్వుండు," అన్నారు డాక్టరుగారు. ఆవిడ కాగితం మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. కోపం వచ్చింది. వచ్చిందని ఆయనకి తెలియలేదు.

లేత్ షెడ్డులో మేస్త్రీ సిలిండర్లని వేలితో తడిమి, అరిగిన గోడని బోరు చేసి, లోపల కాస్త వెడల్పు చేసి నున్నగా తియ్యాలన్నాడు. "సందు ఎంత వదలమంటారు డాక్టరుగారూ?"

డాక్టరుగారు పుస్తకం తెరిచి అంకె చూపించారు.

"కొత్త పిస్టన్లు కదా, కాస్త..."

"పుస్తకంలో ఉన్నదే."

"మీ ఇష్టం. పుస్తకమంటే పుస్తకమే." మేస్త్రీ మహా ఆనందంగా ఒప్పుకున్నాడు. ఒకసారి చేయించుకున్నవాళ్లు మళ్లీ తిరిగి రావడం వల్లనే ఆ షెడ్డు మూడు పువ్వులు ఆరు కాయలుగా నడుస్తోంది. పెద్దమనుషులతో వాదించి నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుకునే రకం కాదతను.

శనివారం బిగింపు. ఇంజిన్ హాల్లోనే, పాత దుప్పటి మీద. రెండు పిస్టన్లకీ రింగులు తొడిగి, పైనుంచి సిలిండర్ల దిమ్మ దింపాలి. దింపేటప్పుడు రింగులు విచ్చుకోకుండా ఎవరో ఒకరు వేళ్లతో నొక్కి పట్టుకోవాలి. ఒక సిలిండరైతే ఒక్కరే తిప్పలు పడొచ్చు, రెంటికి ఇంకో జత చేతులు తప్పవు. డాక్టరుగారు దిమ్మ ఎత్తి పట్టుకున్నారు. ఆవిడ నేల మీద కూర్చుని, వేళ్లకి ఆయిలు పూసుకుని, అటూ ఇటూ రింగులు నొక్కిపట్టింది. ఆయన మొహం ఆవిడ మొహానికి జానెడు దూరంలో ఉంది. ఈ మనిషి ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంగా మళ్లీ ఎప్పుడు దొరుకుతాడు అనుకుంది.

"ఏమండీ, నేనా ఉద్యోగానికి..."

"ష్! మాట్లాడకు. రింగు విరుగుతుంది."

ఆవిడ రింగులు ఇంకాస్త గట్టిగా నొక్కింది. దిమ్మ దిగింది. రింగులు ఒకదాని వెంట ఒకటి మెత్తగా లోపలికి జారాయి, ఒక్కటీ విరగలేదు. డాక్టరుగారు గాల్లో తేలిపోయారు. ఇంజిన్‌ని బండికి బిగించి కిక్ కొడితే వెంటనే అందుకుంది. లొడలొడ లేదు, పొగ లేదు.

"విన్నావా? చప్పుడే లేదు! పుస్తకమంటే ఏమనుకున్నావు మరి!"

ఆవిడ చేతులు కడుక్కుని, ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. అక్కతో మాట్లాడుతోందనుకున్నారాయన.

ఆదివారం సంఘంవాళ్ల ఊరేగింపు. భార్యలు వెనక కూర్చుని రావడం ఆనవాయితీ. సంఘం అధ్యక్షుడు ఒక రిటైర్డ్ జడ్జిగారు. బండ్లని వరసగా నిలబెట్టించి, తీర్పు చెప్పే మొహంతో ఒక్కొక్కదాని చుట్టూ తిరిగారు. డాక్టరుగారి బండి దగ్గర ఆగారు.

"లోపల కూడా అంతా ఒరిజినలేనా డాక్టర్?"

డాక్టరుగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "నా సంగతి మీకు తెలియదా సార్?"

అది అబద్ధమని జడ్జిగారికి తెలియకపోలేదు. ఆయన బండిలో ఉన్నవీ అవే పిస్టన్లు. అక్కడ నిలబడ్డ బండ్లలో సగానికి పైగా అవే. ఒకరి ముందు ఒకరు ఒరిజినల్ అని చెప్పుకోవడానికే ఆ సంఘం ఉన్నది. లేకపోతే ఎవరి బండి వాళ్లు ఎవరింట్లో వాళ్లు తుడుచుకోవచ్చు.

బయలుదేరారు. పిస్టన్లు కొత్తవి, కొన్నాళ్లు మెల్లగా నడపాలన్న సంగతి డాక్టరుగారికి తెలుసు. తిన్నగానే నడిపారు కూడా, జడ్జిగారు పక్కనుంచి చెయ్యి ఊపుతూ దాటుకుపోయేదాకా. అంతే, ఆయనలో ఏదో పురుగు తొలిచింది. ఎదురుగా ఎత్తు. యాక్సిలరేటర్ తిప్పారు. బండి ఉరికింది. జడ్జిగారిని దాటారు, ఇంకో ఇద్దర్ని దాటారు, వెనక్కి తిరిగి ఏదో గొప్ప చెప్పబోయారు.

ఇంజిన్ గొంతు మారింది. ఎవరో వెనక నుంచి పట్టుకు లాగుతున్నట్టు బండి బరువెక్కింది. మరుక్షణం లోపల పిస్టన్లు ఉబ్బి గోడల్ని కరుచుకున్నాయి. వెనక చక్రం బిగుసుకుపోయి టైరు కీచుమంది. ఆవిడ వచ్చి ఆయన వీపుకి గుద్దుకుంది. అదృష్టం బాగుండి చెయ్యి దానంతట అదే క్లచ్చు నొక్కింది, బండి అటూ ఇటూ తూలి రోడ్డు వారన ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాటిన బండ్లన్నీ మళ్లీ ఆయన్ని దాటుకుని వెళ్లిపోయాయి. జడ్జిగారు మర్యాదగా అటువైపు తిరిగి చూడనేలేదు.

చప్పుడంతా ఆగిపోయింది. కిక్ తొక్కితే రాయిలా కదల్లేదు.

"పుస్తకంలో..." అని మొదలుపెట్టారు డాక్టరుగారు.

ఆవిడ దిగి, పక్కనున్న రాతి మీద కూర్చుని, హెల్మెట్ తీసింది.

"నేను సరేనని నిన్ననే చెప్పేశానండీ. గురువారం వెళ్తున్నాను."

"దేనికి?"

"ప్రిన్సిపాల్ ఉద్యోగానికి."

డాక్టరుగారు ఆవిడ కేసి చూశారు. కోపం రాబోయి, ఎవరి మీద రావాలో తెలియక ఆగిపోయింది. "అంత పెద్ద విషయం నాతో ఒక్కమాట అనలేదేం?"

ఆవిడ నవ్వింది. చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. మొదట వచ్చినవి నవ్వు వల్లనే వచ్చిన నీళ్లు. తరవాతవి కావు. అది డాక్టరుగారికి కూడా తెలిసింది.

ఆయన వచ్చి రాతి మీద ఆ చివర కూర్చున్నారు. ఇంజిన్ చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది.

"ఇది ఇక అయిపోయినట్టేనా?" అని అడిగారు. ఇంజిన్ గురించి ఆవిడని ఒక ప్రశ్న అడగడం ఆయనకి అదే మొదటిసారి.

"లేదు. చల్లారితే పిస్టన్ కుంచించుకుపోతుంది, దానంతట అదే వదులుతుంది. మెల్లగా నడిపితే ఇంటిదాకా వస్తుంది."

"మళ్లీ మామూలుగా అయిపోతుందన్నమాట."

"నడుస్తుంది. గోడ మీద పడ్డ గీతలు మాత్రం పోవు."

ఆయన ఊకొట్టారు. చెప్పడానికి నోట్లో మాటలు చాలానే ఉన్నాయి. అన్నీ పక్కనపెట్టి, చిన్న గొంతుతో, "ఏ ఊరు?" అన్నారు.

ఆవిడ చెప్పింది. పది రోజులుగా ఆ ఇంట్లో ఆవిడ చెబుతూ వచ్చిన పేరే అది. ఆయన దాన్ని అప్పుడే మొదటిసారి విన్నారు.